చెవుల్లో ఓంకారం

యశోదమ్మ నా ముందు పెట్టిన రేకు డబ్బా మూత తీశాను. ముక్కిపోయిన బెల్లం వాసన గుప్పుమంది. లోపల గోలీకాయలంత ఉండలు కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మలయా దేశంలోని పెనాంగు ఆస్పత్రిలో చనిపోయిన ఆమె భర్త రామచంద్రప్ప బట్టలతోపాటు ఓడలో తిరిగి వచ్చిన డబ్బా అది.

"ఇవేనా అమ్మా, కొయినా ఉండలు?"

"ఇవేనప్పా. మద్రాసులో ఓడ ఎక్కినప్పటి నుంచి దినానికొకటి మింగినాడంట. ఒక్క దినం గూడా తప్పలేదని తోడు పోయినోళ్లు చెప్పినారు. కొయినా మింగితే దోమ కుట్టినా జ్వరం రాదన్నారు కదా? మరి ఈయనకెట్ల వచ్చింది?"

నేను ఒక ఉండ తీసి నోట్లో వేసుకుని నమిలాను.

"అయ్యయ్యో, నమలగూడదప్పా! మింగాల!"

బెల్లం కరిగింది. దాని వెనక నాలుక మీదికి వచ్చింది చేదు కాదు, సుద్ద. గోడ సున్నం నాకినట్టు అంగిట్లో అతుక్కుపోయింది. పెరట్లోకి పోయి ఉమ్మేసి, చెంబెడు నీళ్లతో పుక్కిలించినా ఆ జిగట వదల్లేదు. పోలీసు నౌకరీలో మలెనాడు కాఫీ తోటల వైపు ఉన్న రోజుల్లో నేను కొయినా, అదే చలిజ్వరానికిచ్చే క్వినైను, తిన్నవాణ్ణి. ఒక్క మాత్ర నాలుకకు తగిలితే సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా చేదుగానే ఉంటాయి. అలాంటి మందు పేరు చెప్పి ఒక మనిషి చేత సుద్ద మింగించి, తీసుకుపోయి దోమల రేవులో దింపారు. నేను చాలా దొంగల్ని చూశాను. దొంగతనం మీద నాకు కోపం వస్తుంది. దీని మీద వచ్చింది మాత్రం అసహ్యం.

ఇంత మోసం ఎలా దాగిందో అర్థం కావడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మా వైపు వర్తకుల ఇళ్లలో ఇంగ్లీషు మాత్ర అంటే రోత. దాని మీది పూత జంతువుల కొవ్వని ఒకరంటారు, తెల్ల చక్కెరను ఎముకల బొగ్గుతో శుద్ధి చేస్తారని ఇంకొకరంటారు. అందుకని చింతామణి బజారులో ఓడ యాత్రలు నడిపే ఏజెంటు కొండప్ప ఒక ఉపాయం కనిపెట్టాడు. మాత్రను ఊరి బెల్లంలో చుట్టి ఉండ చేసి ఇస్తాడు. నాలుకకు మందు తగలకుండా గుటుక్కున మింగేస్తే దోషం లేదు, పైగా ప్రయాణంలో నోరు తీపి. జనం కొండప్పను ఆచారం తెలిసిన మనిషని మెచ్చుకున్నారు. ఆ మందు చేదుగా ఉంటుందని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఇక చేదు లేదని ఎవరు పట్టుకుంటారు?

"నీకు నా వల్ల ఏం కావల్ల చెప్పమ్మా" అన్నాను.

"నా బిడ్డ కావల్ల." ఏడుపు అయిపోయిన గొంతు అది. "సుజాత ఒక్కతే నాకు. అల్లుడు పెనాంగులో అంగడి పెడతాండాడు. మా వియ్యంకుడు బయ్యప్పే ఈ రెండో యాత్రకి పెద్ద. ఈ సాయంత్రం బండికి అందరూ పోతాండారు. నా బిడ్డ డబ్బాలో గూడా ఈ ఉండలే ఉంటాయి."

"నువ్వే పోయి చెప్పొచ్చు కదా."

"మొగుడు పోయినదాన్ని, ఏడాది తిరగలేదు. పయనమయ్యేవాళ్ల గడప తొక్కనిస్తారా నన్ను? మనిషిని పంపిస్తే, శుభమా అని పోయేటప్పుడు ఏడుపు మాటలు ఎత్తొద్దన్నాడంట వియ్యంకుడు. అందుకే బాగేపల్లికి నీకు కబురు పెట్టినా. సాయంత్రంలోగా రుజువు తేవల్లప్పా. నా బిడ్డ ఆ ఓడ ఎక్కగూడదు."

డబ్బాను తువ్వాలులో చుట్టుకుని లేచాను.

కొండప్ప అంగడి గుమ్మం దాకా జనం నిండి ఉన్నారు. అందరి నోటా ఒకటే మాట, దోమలు.

"కొలంబోలో జ్వరాలతో జనం రాలిపోతాండారని పేపర్లో ఏసినారంట కదా కొండప్పా?"

"రేవులో ఆగినప్పుడు దోమలు ఓడలోకి వస్తాయా?"

"చిన్నబిడ్డకి అర్ధ ఉండ చాలునా?"

ఆ చివరి ప్రశ్న వేసిన తల్లి చంకలో పసిది వేలు చీకుతోంది. కొండప్ప గద్దె మీద నుంచే నవ్వాడు. "చాలమ్మా, అర్ధ ఉండ చాలు. మా ఉండ కడుపులో ఉంటే కుట్టిన దోమే చస్తాది."

ఆ తల్లి వైపు తిరిగి, "ఒక ఉండ నమిలి చూడమ్మా, లోపల ఏముందో తెలుస్తాది" అన్నాను. ఆమె నన్ను కల్లు తాగమన్నవాణ్ణి చూసినట్టు చూసింది. "ఇంగ్లీషు మందు నమలతారా ఎవురన్నా?" అని బిడ్డను ఇటు నుంచి అటు మార్చుకుని పక్కకు జరిగింది. మిగతావాళ్లూ అదే చూపు చూశారు. ఈ జనానికి మాటలతో చెప్పి లాభం లేదని అప్పుడే అర్థమైంది.

కొండప్పను అంగడి లోపలి గదిలోకి నడిపించి తలుపు దగ్గరికి వేశాను.

"మాత్రలు యాడ కొంటావు?"

"మద్రాసులో. సీలేసిన డబ్బాలు."

"సీలు తీసేదెవురు?"

"కంపౌండరు మునియప్ప."

"తీసినాక?"

"ఎనక కొట్టులో కెంపమ్మ బెల్లంలో చుట్టతాది. నేను చేయి గూడా పెట్టను లక్ష్మణప్పా."

"చేయి పెట్టినావా అని నేను అడగలేదే."

కొండప్ప పెదవులు తడుపుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే అప్పుడు అతని మొహం చూడాలి.

"మునియప్పను పిలిపించు" అన్నాను.

"పిలిపించేదానికి వాడు ఈడుంటే కదా" అన్న గొంతు వెనక నుంచి వచ్చింది. తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ గోపాలప్ప లోపలికి వచ్చాడు. మందు మార్చడం వల్లే యాత్రలో చావులని ఎవరో పైకి అర్జీ పెడితే, చిక్కబళ్లాపురం నుంచి ఈ కేసు కోసమే వచ్చాడు. ఒకప్పుడు నేనూ అతనూ ఒకే ఠాణాలో పనిచేశాం. అతనికి ప్రమోషను రావడానికీ నేను నౌకరీ వదలడానికీ కారణం ఒక్కటే. తన్నడం అతనికి చేతనైంది, నాకు చేతకాలేదు.

"ఏం డిటెక్టివ్ దొరా, బాగేపల్లిలో శెనక్కాయల దొంగలు అయిపోయినారా?" బుగ్గనిండా తాంబూలం పెట్టుకుని నవ్వాడు. "కేసు ముగిసింది. మునియప్పను లోపలేసినా. సీలు తీసింది వాడు, మార్చింది వాడు."

"ఒప్పుకున్నాడా?"

"రేపటికి ఒప్పుకుంటాడు."

"ఒప్పుకున్నాక మద్రాసు కొయినా యాడికి పోయిందో గూడా నువ్వే చెప్పిస్తావా?"

"అవన్నీ నీకెందుకప్పా? మనిషి దొరికినాడు. పైవాళ్లకి రిపోర్టు పోయింది."

"మరి ఈ పొద్దు పయనమయ్యేవాళ్ల డబ్బాల్లో ఉండేదేంది? నువ్వు మనిషిని పట్టుకున్నావు. సుద్దను పట్టుకున్నావా?"

గోపాలప్ప నవ్వు ఆగింది. సందు దొరికిందని కొండప్ప మధ్యలో దూరాడు. "అంతా సుద్దే అయితే మా బయ్యప్పగారి సంగతేంది? మొదటి యాత్రలో ఆయన గూడా ఉండలే మింగినాడు. అందరికీ జ్వరాలు తగిలినాయి, రామచంద్రప్ప పోయినాడు, ఇంకొకాయన పోయినాడు. బయ్యప్పగారికి తుమ్ము గూడా రాలేదు. ఆయన మడి అట్లాంటిది. ఓడ మీద ఆయన చెవుల్లో ఓంకారం ఇనిపించిందంట!"

గోపాలప్ప చేతులు జోడించాడు, నోట్లో తాంబూలంతోనే.

"ఓంకారమా?" అన్నాను.

"ఔనప్పా. రేయింబగలు రెండు చెవుల్లోనూ గుయ్యిమని ఒకటే నాదం. ఆయనే చెప్పినాడు. ఊరంతా పోయి కాళ్లకి మొక్కి వచ్చినారు."

"ఎప్పుడు మొదలైంది?"

"ఓడ ఎక్కిన మరునాడే."

"ఇప్పుడు గూడా ఇనిపిస్తాందా?"

"ఇల్లు చేరినాక ఆగిపోయింది. సంసారంలో పడితే ఆ నాదం నిలవదని ఆయనే అన్నాడు."

నేను నవ్వలేదు. నవ్వు రావాల్సిన చోట నోట్లో మళ్లీ ఆ సుద్ద జిగటే వచ్చింది. "ఎనక కొట్టు చూపించు" అన్నాను.

ఆ కొట్టులో గాలి లేదు. ఒక మూల దోమతెరలు కుప్పగా పడి ఉన్నాయి. ఒకటి విప్పి చూస్తే చేయి పట్టేంత చిరుగు, దాని మీద కొత్త గుడ్డతో అతుకు. పాతవే ఉతికి కొత్తవని అమ్ముతున్నారన్నమాట. గోడ వెంబడి పీట, రోకలి, బెల్లం పాకం అంటిన పళ్లెం. ఈగలు ముసిరి పళ్లెం అంచు కనిపించడం లేదు. ఉండలు చుట్టే కెంపమ్మ పీట పక్కన గొంతుకూర్చుని ఉంది. మా ముగ్గురినీ చూసి కొంగు కప్పుకుంది.

నేను నేల మీద మోకాళ్లు వేసి చీమల్ని చూశాను. చీమలకు మడీ మైలా తెలియదు, కాబట్టి వాటి మాట నమ్మవచ్చు.

పీట కింద జారిపడిన ఉండలు మూడు నాలుగున్నాయి. వాటిని నల్లచీమలు బెల్లంతో సహా లోపలి తెల్లటి పిండిని కూడా తొలిచి, రేణువులు రేణువులుగా మోసుకుపోతున్నాయి. ఆ పిండి చీమకు ఇష్టం. కొట్టుకు అటు చివర, తూర్పు గోడ దగ్గర, ఇటుకలు పేర్చి కట్టిన చిన్న అరుగుంది. దాని సందులో కూడా ఒక ఉండ పడింది. దాని మీద బెల్లం అంతా చీమలు తినేశాయి. లోపలి తెల్ల మాత్రను మాత్రం ముట్టుకోలేదు. పన్ను మాదిరి నున్నగా, చెక్కు చెదరకుండా ఉంది.

"కెంపమ్మా, ఈ అరుగు మీద చుట్టేది ఎవురివి?"

"పెద్దాయనవి సామీ. బయ్యప్పగారివి. తల మీద నీళ్లు పోసుకుని, తడిబట్టతో చుట్టాల ఆయనవి. మడి."

"మాత్రలు గూడా ఈ డబ్బాల్లోవేనా?"

"కాదు సామీ. ఆయనవి ఆయనే పొట్లం కట్టి తెస్తాడు. అంగట్లోవి నలుగురు ముట్టినవి, మైల అంటాడు. నేనైతే పొట్లం ఇప్పి నేరుగా బెల్లంలో పెట్టేస్తా. ఆయన డబ్బా గూడా వేరే. ఎవురూ ముట్టుకోగూడదు."

ఇదీ సంగతి. ఒక మనిషి తన మందు డబ్బా వేరుగా పెట్టుకుంటే ఏ ఊళ్లోనైనా ఎందుకని అడుగుతారు. మా ఊళ్లలో మాత్రం అడగరు. మడి అన్నాడంటే చాలు, చేతులు కట్టుకుని పక్కకు జరుగుతారు. ఓడలో ఉన్నవాళ్లందరి ముందూ బయ్యప్ప తన డబ్బా తీసి తన మాత్ర మింగాడు. రామచంద్రప్ప కూడా చూసే ఉంటాడు. చూసి, ఎంత నిష్ఠ అనుకుని ఉంటాడు.

మాత్రను తుడిచి నాలుక కొసకు తాకించాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తరువాత దాన్ని గోపాలప్పకు చాచాను. "నాకి చూడు."

"నేల మీద పడిన దాన్నా? ఛీ!"

"రెండు ప్రాణాలు పోయిన కేసు. రవంత నాకితే నీ సొమ్మేం పోదు."

మొహం చిట్లించి నాకాడు. వెంటనే తాంబూలం మొత్తం గుమ్మం బయటికి ఉమ్మేశాడు.

"అది కొయినా" అన్నాను. "నేను మలెనాడులో తిన్నప్పుడు నా చెవులు గుయ్యిమనేవి. డాక్టరును అడిగితే, ఆ మందు గుణమే అంత, మానేస్తే పోతుందన్నాడు. తిన్నవాళ్లలో చానామందికి అట్లే అయ్యేది. మొదటి యాత్రలో ఎవురికైనా చెవులు మోగినాయా కొండప్పా? ఒక్కరికైనా? ఆయన ఒక్కనికే మోగినాయి. ఇల్లు చేరి మందు మానేసినాడు, ఓంకారం గూడా మానేసింది. అందరి డబ్బాల్లో సుద్ద ఉందని తెలిసినవాడే తనకు నిజం మాత్రలు వేరుగా పొట్లం కట్టుకుంటాడు."

కొండప్ప గోడకు జారగిలపడి, అక్కడే కూలబడ్డాడు. అడగకుండానే మాటలు బయటికి వచ్చాయి. "నాది పేరు మాత్రమే లక్ష్మణప్పా. యాత్రలు ఆయనవే. సింహళంలో జ్వరాలు పడినప్పటి నుంచి కొయినా ధర మండిపోతాంది. మలెనాడు తోటల మేస్త్రీలు ఎంత అడిగితే అంత ఇస్తాండారు. మద్రాసు డబ్బాలు వచ్చినవి వచ్చినట్టే ఆడికి పంపించేస్తాడు. సుద్దా పిండీ కలిపి మాత్రలు అచ్చేయించింది గూడా ఆయనే. మునియప్పకి ఏమీ తెలీదు. 'దోమ అందరినీ కుట్టదు కదప్పా, కుట్టినోళ్ల కర్మ' అన్నాడు."

పైన పటారం, లోన లొటారం అంటారు. ఇక్కడ లోన లొటారం కూడా కాదు, కుళ్లు. దాన్ని తల మీద నీళ్లు పోసుకున్న తడిబట్టతో కప్పారు.

"ఠాణాకి మనిషిని పంపించి మునియప్పను విడిపించు" అన్నాను గోపాలప్పతో. "నువ్వు నాతో స్టేషనుకు రా."

అతను కదల్లేదు. "బయ్యప్పగారి మీద చేయి వెయ్యాలంటే ఉత్త చీమల సాక్ష్యం చాలునా? పొద్దునే వాళ్లింట్లో టిఫిను చేసినా. ఈ తాంబూలం గూడా ఆయన ఇచ్చిందే."

"అది ఉమ్మేసినావు కదా. ఇంక రా."

అతని మొహం ఎర్రబడింది. నన్ను తిట్టాలని నోరు తెరిచాడు, కాని నోట్లో చేదు ఇంకా ఉన్నట్టుంది, మూసుకున్నాడు. బయటికి వచ్చి జట్కా బండి ఎక్కి, నాకు పక్కన చోటు ఇచ్చాడు.

చింతామణి స్టేషనులో చిన్న రైలుబండి అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఇక్కడి నుంచి బౌరింగుపేట, అక్కడి నుంచి మెయిలులో మద్రాసు, మద్రాసులో ఓడ. ప్లాట్‌ఫారం నిండా ట్రంకుపెట్టెలు, నీళ్ల బిందెలు, దోమతెరల చుట్టలు. మధ్యలో పీట వేసుకుని, పట్టుబట్ట కట్టుకుని, ఒళ్లో ఇత్తడి డబ్బా పెట్టుకుని బయ్యప్ప కూర్చున్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టే మొక్కి పోతున్నారు. పొద్దున అర్ధ ఉండ అడిగిన తల్లి పసిదాన్ని ఆయన కాళ్ల దగ్గర పడుకోబెట్టి తీసింది.

"పెద్దాయనా" అన్నాను, "ఆ డబ్బా ఇట్లియ్యి."

"ముట్టుకోవద్దు! మడి!"

"సముద్రం దాటితే పోని మడి నేను ముట్టుకుంటే పోతుందా?" అని డబ్బా లాక్కున్నాను. జనం హాహాకారం చేశారు. ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. గోపాలప్ప లాఠీ అడ్డం పెట్టాడు. ఈ కేసులో అతను చేసిన మొదటి మంచి పని అది.

ఇత్తడి డబ్బాలోంచి ఒక ఉండ తీసి, బెల్లం ఒలిచి, తెల్లటి మాత్రను అరచేతిలో పెట్టి అందరికీ చూపించాను. రెండో చేతిలో రామచంద్రప్ప డబ్బాలోని ఉండ పగలగొట్టాను. అది పొడిపొడి అయింది.

"ఇది మీకు ఇచ్చింది. ఇది ఆయన మింగేది. బయ్యప్పగారూ, మీరు ఈ సుద్ద ఉండ ఒకటి మింగండి, నేను మీ కాళ్లకి మొక్కి పోతా. కొయినానే కదా? మింగండి."

"నలుగురు ముట్టింది నేను మింగను."

"నలుగురు ముట్టినందుకా, సుద్ద అయినందుకా?"

ఆయన సుద్ద ఉన్న నా చేతికి దూరంగా పీట వెనక్కి జరుపుకున్నాడు. అది ఎందుకో అందరికంటే ముందు అర్థం చేసుకున్నది పసిదాని తల్లి. తన మూటలోంచి డబ్బా తీసింది. ఒక్క క్షణం తటపటాయించింది. తరువాత, పుట్టిన నాటి నుంచి నేర్చుకున్న రోతనంతా పక్కకు పెట్టి, ఉండను నోట్లో వేసుకుని కసుక్కున కొరికింది. నమిలింది. ఇత్తడి డబ్బాలోని మాత్ర నా చేతిలోంచి తీసుకుని దాన్ని కూడా నాకింది. ఆమె మొహం వంకర తిరిగింది. ప్లాట్‌ఫారం మీద తుపుక్కున ఉమ్మింది.

"సుద్ద!" అంది. "నా బిడ్డకి అర్ధ సుద్ద చాలన్నారు!"

ఇక డబ్బాలు తెరుచుకున్నాయి. మగవాళ్లు, ఆడవాళ్లు, ఎనభై ఏళ్ల ముసలాయన, అందరూ కొరికారు, అందరూ ఉమ్మారు. ప్లాట్‌ఫారమంతా ఉమ్మే శబ్దం, తెల్లటి జిగట. అంతసేపూ ఆ కాళ్లకు మొక్కిన జనం ఆ కాళ్ల ముందే ఉమ్మారు. అంత అసహ్యమైన దృశ్యం నేను చూడలేదు. అంత న్యాయమైనది కూడా చూడలేదు.

జనం ఉన్నట్టుండి రెండుగా చీలారు. తెల్లచీర కట్టుకున్న యశోదమ్మ నడిచి వస్తోంది. కట్టు తప్పి వచ్చిందని గొణిగినవాళ్లు కూడా దారి ఇచ్చారు. ఆమె ఎవరినీ చూడలేదు. ఒక్కొక్క రైలుపెట్టెలోకీ తొంగి చూసుకుంటూ ఇంజను దాకా పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

"నా బిడ్డ యాడ?"

అంతసేపూ నేను డబ్బాల్ని చూశాను, సుద్దను చూశాను, బయ్యప్ప మొహం చూశాను. సుజాత అక్కడ ఉందో లేదో చూడలేదు.

ఆమె వియ్యంకుడి ముందుకు పోయి నిలబడింది. "అన్నా, నిన్నే అడిగేది. నా బిడ్డ యాడుండాది?"

బయ్యప్ప పీట మీద నుంచి లేవలేదు. "నిన్ననే పోయినారు ఇద్దరూ. ఈ పొద్దు మంగళవారం. కొత్తకోడలు మంగళవారం ఇల్లు కదలగూడదు కదా. అంగడి సామాన్లు పోయే ఓడ వేరే. ఈ పొద్దు మధ్యాన్నమే లంగరెత్తింటాది."

యశోదమ్మ కింద పడిపోతుందేమోనని ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె పడలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది, దాదాపు బతిమాలినట్టు.

"నీ డబ్బాలోవి ఇచ్చి పంపించినావు కదన్నా?"

"నా కొడుక్కి ఇచ్చినా."

"నా బిడ్డకి?"

బయ్యప్ప పట్టాల వైపు చూశాడు. చేతి గడియారం పోగొట్టుకున్నవాడి చిరాకు తప్ప మరేమీ లేదు ఆ మొహంలో.

"ఆడోళ్లకి మడి డబ్బా యాల?" అన్నాడు.

గోపాలప్ప ఆయన చేతులకు బేడీలు వేస్తున్నప్పుడు ఎవరూ అడ్డం రాలేదు. "తంతి వార్త కొట్టిస్తా, కొలంబోకీ పెనాంగు రేవుకీ" అన్నాడు నాతో, మొదటిసారి నా కళ్లలోకి చూడకుండా.

"కొట్టించు. కాని అల్లుడు నమ్మాల కదా. తండ్రి ఇచ్చిన మందు సుద్ద అని ఎవురో పోలీసు రాసిన కాగితం చూసి నమ్మతాడా?"

నేను మనసులో లెక్కలు వేసుకుంటున్నాను. సరుకుల ఓడ ముందు కొలంబోలో ఆగుతుంది, జ్వరాలున్న కొలంబోలో. సుజాత పొద్దున్నే లేచి, నిష్ఠగా, కళ్లు మూసుకుని ఒక బెల్లం ఉండ మింగి, ఇక నాకేం భయం లేదనుకుని రేవులో దిగుతుంది. అప్పుడే తెరలేని కిటికీ పక్కన ఎక్కడో ఒక దోమ కుడుతుంది. ఆ తరువాత ఆమె దగ్గరికి జ్వరం ముందు చేరుతుందా, అసలు కొయినా ముందు చేరుతుందా?

యశోదమ్మ నా చేతిలోంచి ఇత్తడి డబ్బా తీసుకుంది. మూత గట్టిగా నొక్కింది. బేడీలు వేసుకున్న వియ్యంకుడి నడుముకున్న సంచీలోంచి రైలు టిక్కెట్టూ ఓడ టిక్కెట్టూ లాగింది. రెండింటినీ కొంగున ముడి వేసుకుంది.

"అమ్మా" అన్నాను, "నువ్వు చింతామణి దాటి ఎప్పుడన్నా పోయినావా?"

"లేదప్పా."

"పెనాంగు యాడుండాదో తెలుసునా?"

"మా ఆయన పోయిన ఊరు కదా" అని బండి ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. డబ్బాను రెండు చేతులతో ఒళ్లో పట్టుకుంది. గార్డు జెండా ఇంకా తీయలేదు. నేను మెట్టు మీద కాలు పెట్టాను. ఆమె నా వైపు తిరిగి చూసింది.

"ఇది ఎప్పుడు కదలతాదప్పా?" అని అడిగింది.